రుచి చూడకుండా చేసే రొట్టె: గ్రీకుల ఈస్టర్ త్సురేకి

గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవుల ఇళ్లలో ఈస్టర్ రొట్టెను పండుగకు ముందు వచ్చే పవిత్ర గురువారం నాడు చేస్తారు. దాని పేరు త్సురేకి. వెన్న, పాలు, గుడ్లు, పంచదార ధారాళంగా పడే పిండిని మూడు పాయల జడగా అల్లి, జడ కొసన ఎర్రరంగు వేసిన ఒక ఉడికించిన గుడ్డును పొదిగి, ఓవెన్‌లో కాలుస్తారు. ఇల్లంతా ఆ వాసన నిండిపోయినా, శనివారం అర్ధరాత్రి పునరుత్థాన ఆరాధన ముగిసేదాకా ఎవరూ దాన్ని ముట్టరు. ఎందుకంటే అప్పటికింకా ఉపవాసం నడుస్తూనే ఉంటుంది. వాళ్లు శుద్ధ సోమవారం అని పిలుచుకునే రోజున మొదలయ్యే ఆ ఉపవాసం ఈస్టర్ దాకా 48 రోజులు సాగుతుంది. నిష్ఠగా పాటించేవాళ్లు ఆ రోజుల్లో మాంసం ఒక్కటే కాదు, పాలు, వెన్న, జున్ను, గుడ్లు కూడా తినరు. చేపకు సైతం మార్చి 25న వచ్చే పండుగ నాడు, ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు మాత్రమే అనుమతి ఉంటుంది.

త్సురేకి గురించి ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదేనని నా ఉద్దేశం. అందులో పడే ముఖ్యమైన వస్తువులన్నీ ఆ రోజుకు నిషిద్ధమైనవే కాబట్టి, చేసేవారు పిండిని నాలుక మీద వేసుకొని తీపి సరిపోయిందో లేదో చూడడానికి వీల్లేదు. నైవేద్యం పెట్టేదాకా ఉప్పు చూడకుండానే పులిహోర కలిపే ఇళ్లలో పెరిగినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. నాలుకకు పని లేని చోట చేయి, కన్ను, ముక్కు ఆ పని చేయాలి. అందుకే ఈ రొట్టెను కొలతలతో నేర్చుకోవడం కంటే ఆనవాళ్లతో నేర్చుకోవడం మేలని నాకు అనిపిస్తుంది.

నేను దీన్ని నేర్చుకున్నది గ్రీసులో కాదు, మేముంటున్న మెల్‌బోర్న్‌లో. 1952లో గ్రీసుకూ ఆస్ట్రేలియాకూ మధ్య వలస ఒప్పందం కుదిరిన తరువాత ఇక్కడికి వేల కుటుంబాలు ఓడల్లో వచ్చాయి. ఇప్పుడు గ్రీసు వెలుపల గ్రీకులు అత్యధికంగా ఉన్న నగరాల్లో మెల్‌బోర్న్ ఒకటి. ఓక్లీ ప్రాంతంలోకి వెళ్తే దుకాణాల బోర్డుల మీద గ్రీకు భాషే కనిపిస్తుంది, కాఫీ బల్లల దగ్గర మాటల్లో అదే వినిపిస్తుంది. మా పక్కింటి పెద్దావిడ కూడా చిన్నప్పుడు అలా వచ్చినవారే. వీధిలో పిల్లలందరూ ఆవిడను యాయా అంటారు, అంటే నాయనమ్మ అని. నేనూ అలాగే పిలుస్తాను. ఆవిడ నన్ను 'కోరీ మూ' అంటారు, అంటే నా కూతురా అని. ఆవిడ కూతురి వయసే నాది. నాకు ఆ ఉపవాసం లేకపోయినా, గురువారం నాడు ఆవిడ వంటింట్లో ఉన్నంతసేపు నేను కూడా గరిటె నాకను.

ముందు వాసన సంగతి చెప్పాలి, ఎందుకంటే త్సురేకిని మిగతా తీపి రొట్టెల నుంచి వేరు చేసేది అదే. అందులో పడేవి మూడు: మహలేపీ, మాస్తిహా, ఏలకులు. ఏలకుల గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మహలేపీ అంటే ఒక రకం అడవి చెర్రీ టెంకలో ఉండే చిన్న పలుకు. ఆవగింజ కంటే పెద్దది, లేత గోధుమరంగు. నమిలితే మొదట చేదుబాదం రుచి, తరువాత చెర్రీ వాసన తెలుస్తాయి. టర్కీ, సిరియా, ఇరాన్ దేశాల్లో కూడా దీన్ని వాడతారు. గల్ఫ్‌లో పని చేసే మనవాళ్లు అక్కడి కిరాణా దుకాణాల్లో మహ్లబ్ అనే పేరుతో చూసే ఉంటారు. దీన్ని పొడిగా కొనకూడదని యాయా పట్టుదల. ఆ పలుకుల్లో నూనె ఉంటుంది కాబట్టి పొడి చేసిన కొద్ది వారాలకే మక్కు వాసన పట్టి చేదెక్కుతుంది. పలుకులుగా కొని, సీసాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకొని, కావలసినప్పుడు కావలసినంతే దంచుకోవాలి.

మాస్తిహా కథ వేరు. అది ఏజియన్ సముద్రంలోని కియోస్ ద్వీపంలో, అందులోనూ దక్షిణ భాగంలోని 24 గ్రామాల్లో మాత్రమే చెట్ల నుంచి తీసే జిగురు. పిస్తా చెట్టు జాతికి చెందిన ఆ పొద మధ్యధరా తీరమంతటా పెరుగుతుంది, కానీ గట్టిపడి ముత్యాల్లా రాలే జిగురును ఇచ్చేది మాత్రం అక్కడే. వేసవిలో చెట్టు కింద నేలను ఊడ్చి చదును చేసి, తెల్లటి సున్నపు మట్టిని పలుచగా పరుస్తారు. ఆ తరువాత బెరడు మీద చిన్న చిన్న గాట్లు పెడతారు. కారిన జిగురు చుక్కలుగా ఆ మట్టి మీద పడి, రెండు మూడు వారాల్లో గట్టిపడుతుంది. దాన్ని ఏరి, జల్లించి, చలికాలమంతా ఇళ్లలో కూర్చొని ఆడవాళ్లు చిన్న కత్తి మొనతో ఒక్కొక్క చుక్కనూ శుభ్రం చేస్తారు. 1938 నుంచి రైతుల సహకార సంఘమే ఆ పంటను సేకరించి అమ్ముతోంది. 1997లో ఐరోపా సమాఖ్య దానికి ప్రాంతీయ గుర్తింపు ఇచ్చింది. 2014లో యునెస్కో ఆ సాగు విద్యను సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంత శ్రమ ఉన్న వస్తువు కాబట్టి ధర గట్టిగానే ఉంటుంది. అయితే అరకిలో పిండికి ఒక గ్రాము చాలు. అంతకు మించితే రొట్టెకు మందు వాసన వచ్చి చేదెక్కుతుంది.

తెలుగు పాఠకులు దీన్ని కొత్త వస్తువని అనుకోనక్కర్లేదు. హైదరాబాదులో యునానీ మందులు అమ్మేవాళ్లు రూమీ మస్తగీ అనేది ఇదే. కడుపు బాగోలేనప్పుడు ఇచ్చే జవారిష్ మస్తగీలో పడేదీ ఇదే. అయితే ఆ పేరుతో వేరే జిగుర్లను అంటగట్టేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి, కొనే ముందు ఒక చుక్కను నోట్లో వేసుకొని నమిలి చూడండి. అసలైనది మొదట పొడిపొడిగా విరిగి, కొద్దిసేపటికే ముద్దగా, తెల్లగా, సాగే గుణంతో మారుతుంది. అలా ముద్ద కట్టకుండా పొడిగానే ఉండిపోతే దాన్ని వదిలేయడం మంచిది. మహలేపీ మాత్రం మన దగ్గర సులువుగా దొరకదు. దాని బదులు బాదం ఎసెన్స్ రెండు చుక్కలు వేస్తే వాసన కొంత దగ్గరికి వస్తుంది, చెర్రీ ఛాయ మాత్రం రాదు.

మాస్తిహాను దంచడంలో ఒక కిటుకు ఉంది. మామూలుగా దంచితే అది కల్వం అడుగున మైనంలా అతుక్కుపోయి, గోళ్లతో గీకినా రాదు. అందుకని చుక్కలను ఓ పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి, తీసిన వెంటనే అర చెంచా పంచదారతో కలిపి కల్వంలో వేయాలి. దాన్ని రుబ్బకూడదు, రోకలితో పై నుంచి తేలికగా కొట్టాలి. చుక్క గాజులా టక్కుమని పగిలి, పంచదార రేణువుల మధ్య తెల్లని దుమ్ముగా మారుతుంది. ఆ క్షణంలో దేవదారు చెట్ల వాసనకు దగ్గరగా, చల్లగా ఒక పరిమళం పైకి లేస్తుంది. యాయా అప్పుడు కల్వం మీద అరచెయ్యి మూసి, తీసి, ఆ చేతిని వాసన చూస్తారు. ఆ తరువాతే మహలేపీ పలుకులు ఒకటిన్నర చెంచా, ఏలకుల గింజలు అర చెంచా అదే కల్వంలో పడతాయి.

ఇక పిండి. మంచి త్సురేకిని కోయరు, తుంచుతారు. తుంచినప్పుడు లోపల కేకులా పొడి రాలకుండా, పొడవాటి పోగులు పోగులుగా విడివడి రావాలి. గ్రీకుల మధ్య ఈ రొట్టె మీద వచ్చే తీర్పులన్నీ ఆ పోగుల గురించే. పోగులు వచ్చాయా లేదా అన్నదే ప్రశ్న, తీపి సంగతి తరువాత. గోధుమపిండిలోని గ్లూటెన్, అంటే పిండికి సాగే గుణాన్నిచ్చే ప్రోటీన్, బాగా సాగితే ఆ పోగులు వస్తాయి. వెన్న, పంచదార రెండూ దానికి అడ్డుపడతాయి. వెన్న పిండిలోని ప్రోటీన్ చుట్టూ పొరలా పట్టి గ్లూటెన్‌ను కలవనీయదు. పంచదార నీటిని లాగేసుకొని పిండినీ, ఈస్ట్‌నూ కూడా మందగింపజేస్తుంది. కాబట్టి ఇందులో కొలతల కంటే వరుస ముఖ్యం. ముందు గ్లూటెన్‌ను తయారుచేసుకోవాలి, ఆ తరువాతే వెన్న కలపాలి. ఈ ఒక్క సూత్రాన్ని పాటిస్తే కొలతలు కాస్త అటూ ఇటూ అయినా రొట్టె నిలబడుతుంది. అన్నీ ఒకేసారి గిన్నెలో పోసి కలపమని చెప్పే పద్ధతుల మీద నాకు నమ్మకం లేదు.

రెండు చిన్న జడలకు సరిపడే కొలతలు చెబుతాను. ప్రోటీన్ 12 నుంచి 13 శాతం ఉన్న బ్రెడ్ పిండి 500 గ్రాములు, పాలు 130 మిల్లీలీటర్లు, పంచదార 130 గ్రాములు, రెండు గుడ్లు, పైగా ఒక పచ్చసొన, వెన్న 110 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 9 గ్రాములు, ఉప్పు ముప్పావు చెంచా, ఒక నారింజ తొక్క తురుము, ముందు దంచి పెట్టుకున్న పొడులు. మామూలు రొట్టెకు ఇంత ఈస్ట్ ఎక్కువే, కానీ పంచదార పిండి బరువులో నాలుగో వంతు దాటినప్పుడు తక్కువ వేస్తే గంటల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది. తీపి పిండి కోసమని విడిగా అమ్మే ఈస్ట్ దొరికితే ఇంకా మంచిది.

గోరువెచ్చని పాలలో ఈస్ట్‌నూ, ఒక చెంచా పంచదారనూ, నాలుగు చెంచాల పిండినీ కలిపి, పైన బుడగలు వచ్చేదాకా అరగంట మూత పెట్టి ఉంచాలి. వేరే గిన్నెలో గుడ్లనూ పంచదారనూ కలిపి, వేడినీళ్ల గిన్నె మీద పంచదార కరిగేంత వరకు మాత్రమే వెచ్చబెట్టాలి. వేలు పెడితే వేడి తెలియకూడదు, చల్లదనమూ తెలియకూడదు. ఈ రెండింటినీ, పొడులనూ, తురుమునూ, ఉప్పునూ పిండిలో కలిపి, పదినిమిషాలు పిసికి, పావుగంట వదిలేసి, మళ్లీ పిసకాలి. ఒక చిన్న ముద్దను రెండు చేతుల వేళ్ల మధ్య మెల్లగా సాగదీసినప్పుడు అది చిరగకుండా, అవతల వెలుగు కనిపించేంత పలుచని పొరగా రావాలి. అప్పటిదాకా వెన్న ఊసెత్తకూడదు.

ఆ తరువాత కరిగించి చల్లార్చిన వెన్నను ఒక్కొక్క చెంచాగా పోస్తూ పిసకాలి. మొదటి చెంచాకే ముద్ద మొత్తం విడిపోయి, జారిపోతూ, పాడైపోయినట్టు కనిపిస్తుంది. కొత్తవాళ్లు చాలామంది సరిగ్గా ఇక్కడే భయపడి గుప్పెడు పిండి చల్లుతారు. ఆ గుప్పెడే రొట్టెను గట్టిపరుస్తుంది. చల్లకుండా ఓపిక పట్టి పిసుకుతూ పోతే రెండు మూడు నిమిషాల్లో ముద్ద వెన్నను తాగి మళ్లీ ఒక్కటవుతుంది. అప్పుడు రెండో చెంచా. యాయా ఈ పనికి మిక్సర్ వాడరు. గిన్నెలో చేతిని అడుగుకు దోపి, పిండిని భుజం ఎత్తు దాకా పైకి లాగి, మడిచి వదులుతారు. ఆ పిండి తాడులా లేచి, వదిలినప్పుడు గిన్నెలో చప్పుడు చేస్తూ పడుతుంది. చివర్లో ముద్ద జిగటగా, మెరుస్తూ ఉండి, గిన్నె అంచులను వదలాలి కానీ చేతిని పూర్తిగా వదలకూడదు. ఆ దశను ఆవిడ కళ్లతో కాక చప్పుడుతోనే గుర్తుపడతారు. నాకు ఇప్పటికీ కళ్లే ఆధారం.

మెల్‌బోర్న్‌లో ఈస్టర్ శరదృతువులో వస్తుంది కాబట్టి పిండి నింపాదిగా, రెండున్నర మూడు గంటల్లో రెట్టింపవుతుంది. గ్రీసులో అది వసంతకాలం. మన తెలుగునాట అయితే నడి ఎండాకాలం, అదే అసలు చిక్కు. ఆర్థడాక్స్ ఈస్టర్ పాత జూలియన్ క్యాలెండర్ లెక్కన నిర్ణయమవుతుంది కాబట్టి చాలా ఏళ్లు మన చర్చిలలో జరిగే ఈస్టర్ కంటే ఆలస్యంగా వస్తుంది. 2025లో రెండూ ఏప్రిల్ 20నే కలిశాయి, కానీ 2024లో అది మే 5న వచ్చింది. మే నెలలో విజయవాడలోనో హైదరాబాదులోనో వంటింటి వేడికి వెన్న పిండిలో నిలవకుండా నూనెగా బయటికి వస్తుంది, పులుపు వాసన కూడా ముందే మొదలవుతుంది. అక్కడ చేసేవాళ్లు పాలు చల్లగానే వాడి, పిసకడం ముగించగానే ముద్దను రాత్రంతా ఫ్రిజ్‌లో పులియనిస్తే మేలు. చల్లని పిండిని అల్లడం కూడా సులువు. మన మామూలు మైదాలో ప్రోటీన్ తక్కువ కాబట్టి, బ్రెడ్ పిండి దొరక్కపోతే విడిగా అమ్మే గ్లూటెన్ పొడిని అరకిలోకు రెండు చెంచాలు కలుపుకోవచ్చు. గుడ్లు లేకుండా చేయవచ్చా అని అడిగేవాళ్లకు నా సమాధానం ఒకటే: చేయవచ్చు, అది వేరే రొట్టె అవుతుంది. నలభై ఎనిమిది రోజుల పాటు గుడ్డు ముట్టని ఇల్లు ఆ గుడ్డు కోసమే చేసుకునే రొట్టె ఇది.

పొంగిన పిండిని ఆరు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని నడుమ లావుగా, కొసలు సన్నగా పాయలుగా చేయాలి. బల్ల మీద పిండి చల్లి దొర్లించడం కంటే చేతులకు కాస్త వెన్న రాసుకొని మెల్లగా లాగడం మంచిది, పోగులు పొడుగు వెంట సాగుతాయి. ఒకేసారి లాగితే పాయ వెనక్కి ముడుచుకుంటుంది. దాన్ని పక్కన పెట్టి రెండో పాయ అందుకోవాలి, అది అయ్యేసరికి మొదటిది మెత్తబడుతుంది. మూడు పాయలు త్రిత్వానికి, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మలకు గుర్తు అంటారు. జడ వేయడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు గాని, బిగించి మాత్రం వేయకూడదు. పిండి ఇంకా పొంగాలి కాబట్టి వదులుగా అల్లకపోతే పాయల మధ్య చీలికలు వస్తాయి.

ఎర్రగుడ్లు ఆ గురువారమే తయారవుతాయి, అందుకే దానికి ఎర్ర గురువారం అని కూడా పేరు. గుడ్డు జీవానికీ, ఎరుపు క్రీస్తు రక్తానికీ గుర్తులు. దుకాణాల్లో రంగు పొట్లాలు దొరుకుతాయి. యాయా మాత్రం ఏడాదంతా దాచిన ఎర్ర ఉల్లిపొట్టును వెనిగర్ పోసిన నీళ్లలో మరిగించి, ఆ రసంలో ఉడికిస్తారు. అలా వచ్చేది కాస్త ఇటుక ఛాయ ఉన్న ఎరుపు. ఆరిన గుడ్లను ఆలివ్ నూనె గుడ్డతో తుడిస్తే మెరుస్తాయి. మొదట రంగు వేసిన గుడ్డును మేరీమాత పేరు మీద పటాల దగ్గర పెట్టి, వచ్చే ఏడు దాకా ఉంచుతారు.

గుడ్డును జడ కొసన నొక్కి, మళ్లీ గంటన్నర పొంగనివ్వాలి. వేలితో నొక్కినచోట గుంట మెల్లగా, సగం మాత్రమే పూడితే కాల్చే వేళ అయినట్టు. పచ్చసొనలో ఒక చెంచా పాలు కలిపి రెండుసార్లు పూసి, పైన బాదం పలుకులు చల్లి, 165 డిగ్రీల వద్ద 30 నుంచి 35 నిమిషాలు కాల్చాలి. అంతకంటే వేడి పెడితే పంచదార, పాలు ఉన్న పైపొర లోపల ఉడకకముందే నల్లబడుతుంది. రంగు తొందరగా వస్తుంటే పైన అల్యూమినియం కాగితం కప్పవచ్చు. నేను లోపలి వేడి 88 డిగ్రీలకు చేరిందో లేదో థర్మామీటరు గుచ్చి చూస్తాను. యాయా ఆ పరికరాన్ని చూసి నవ్వి, రొట్టె అడుగున వేళ్లతో తట్టి, వాసన చూసి, తీసేయమంటారు. ఇద్దరం ఇంచుమించు ఒకే నిమిషానికి వస్తాము. చల్లారేదాకా జాలీ మీద ఉంచి, ఆ తరువాత శుభ్రమైన గుడ్డలో చుట్టి అలమరాలో పెట్టాలి. తుంచి చూడకూడదు.

శనివారం రాత్రి గుడిలో దీపాలన్నీ ఆర్పేసి, అర్ధరాత్రి ఒక్క జ్వాల నుంచి అందరి కొవ్వొత్తులూ వెలిగించుకుంటారు. 'క్రిస్తోస్ అనెస్తీ', క్రీస్తు లేచెను అని ఒకరంటే, 'అలిథోస్ అనెస్తీ', నిజముగా లేచెను అని రెండోవారు బదులిస్తారు. ఆ జ్వాలను ఆరనీయకుండా ఇంటికి తెచ్చి, గుమ్మం పైకమ్మీ మీద పొగతో సిలువ గుర్తు వేశాకే లోపలికి అడుగు పెడతారు. అప్పుడు గొర్రెపిల్ల పేగులు, కాలేయంతో చేసే మాగిరిత్సా అనే సూప్, ఎర్రగుడ్లు, త్సురేకి బల్ల మీదికి వస్తాయి. గుడ్లను ఒకదానితో ఒకటి కొడతారు, పగలని గుడ్డు ఎవరిదైతే ఆ ఏడు అదృష్టం వాళ్లదట. రొట్టెను యాయా కత్తి లేకుండా రెండు చేతులతో పట్టి మెల్లగా లాగుతారు, బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ ఆ చీలిక వైపే చూస్తారు. పోగులు రాకపోతే ఎవరూ ఏమీ అనరు గాని, అనకపోవడం కూడా తెలుస్తుంది.

రెండో జడ జ్ఞానస్నానం ఇప్పించిన పిల్లలకు కొత్త కొవ్వొత్తితో పాటు ఇచ్చేది. ఈ రోజుల్లో గ్రీసులోని థెస్సలొనీకి నగరపు మిఠాయి దుకాణాలు చాక్లెట్ పూత పూసి, లోపల చెస్ట్‌నట్ ముద్ద నింపిన త్సురేకిలను చేస్తున్నాయి, జనం వాటిని ఇష్టంగా కొంటున్నారు కూడా. నాకు అవి నచ్చవు. మాస్తిహా, మహలేపీల వాసన చాక్లెట్ కింద పూర్తిగా అణిగిపోతుంది. సాదా త్సురేకి గుడ్డలో చుట్టి ఉంచితే నాలుగు రోజులు మెత్తగా ఉంటుంది, ముక్కలుగా కోసి ఫ్రీజర్‌లో పెడితే నెల దాటినా పాడవదు. కాస్త ఎండిన ముక్కలను పెనం మీద వెన్నతో కాల్చి, మంచి డికాక్షన్ కాఫీతో తినండి. వేడి తగిలినప్పుడు మాస్తిహా వాసన మళ్లీ పైకి వస్తుంది, మొదటి రోజు కంటే ఎక్కువగానే.